నాలుగు గిన్నెల బల్ల

రెండువేల ఇరవై అయిదు ఫిబ్రవరి పదమూడో తారీకు, గురువారం, మాఘ పౌర్ణమి వెళ్లిన మర్నాడు, పొద్దున్న ఐదూ నలభైకి చోడవరంలో కనకమహాలక్ష్మి వయొలిన్ బల్ల కాళ్ల కింద గిన్నెల్లో నీళ్లు మార్చింది. అది రోజూ చేసే పనే. జానెడెత్తు పొట్టి బల్ల, నాలుగు కాళ్లూ నాలుగు ఇత్తడి గిన్నెల్లో నిలబడి ఉంటాయి. పాత నీళ్లు పారబోసి, గిన్నెలు తోమి, కొత్త నీళ్లు పోసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, అప్పుడు బల్లమీద కూర్చుని శ్రుతి చేసుకుంటుంది. ఆరోజు మాత్రం మార్చిన నీళ్లనే ఆరింటికి మళ్లీ మార్చింది. ఆరున్నరకి మూడోసారి మార్చబోతుంటే అత్తగారు తాతమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"ఒసే కనకం, ఆ నీళ్లేటి పాపం సేసేయే? ఓపాలి కూకో!"

"కూకోలేకపోతన్నాను అత్తమ్మా."

"కూకోకపోతే ఎలా వాయిస్తావు? నిలబడా?"

కనకం నవ్వింది గాని ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. తోమిన గిన్నె మళ్లీ తోముతూ గోడ మూల చూసింది. అక్కడ ఏమీ లేదు. ఆదివారం నుంచీ ఏమీ లేదు. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ గిన్నెలు చీమల కోసం. కనకం పుట్టినిల్లు మాడుగుల. తండ్రి గణపతిరావు మాస్టారు హరికథలకి వయొలిన్ పక్కవాద్యం వాయించేవారు. ఆయన కమాను కింద స్వరం సరిగ్గా తన చోట పడిందంటే, బెల్లంముక్క కింద పడితే ఎలా వస్తాయో అలా, గోడ సందుల్లోంచి, గడప కిందనుంచి చీమలు బారులు తీరి వచ్చేవి. స్వరం వెంట్రుకవాసి అటో ఇటో అయితే ఒక్కటీ వచ్చేది కాదు. ఊళ్లో చీమలన్నిటినీ తన ఇంటికే పిలుచుకుంటున్నారని, హల్వా కొట్లవాళ్లు ఏటా వినాయక చవితికి ఆయనకో హల్వా పెట్టె పట్టుకొచ్చి దణ్ణం పెట్టి వెళ్లేవారు. శిష్యులు ఎవరైనా "బాగుందా మాస్టారూ?" అంటే, "నన్నేటి అడుగుతావు? కిందకి సూడు" అనేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది.

కనకానికి పెళ్లయి చోడవరం వచ్చిన పదకొండో రోజున చీమలూ వచ్చాయి, మాడుగుల రోడ్డు వారగా నడుచుకుంటూ. వాకిలి ఊడుస్తున్న తాతమ్మ వాటిని చూసి, "కోడలి తరపోళ్లొచ్చేరు" అని చీపురు పక్కనపెట్టి దారి ఇచ్చింది. ఆ సాయంత్రమే బజారుకెళ్లి నాలుగు గిన్నెలు కొనుక్కొచ్చింది. ఆ చీమలు కుట్టవు. కాకపోతే చేతిమీదకి పాకితే చక్కిలిగింతలకి కమాను జారుతుంది, అందుకని గిన్నెలు. ఎంత బాగా వాయిస్తే గిన్నెల చుట్టూ అంత దట్టంగా చేరి, నీళ్ల అంచున ఆగి వింటాయి.

ఇరవై రెండేళ్లుగా కనకం తండ్రిలాగే పక్కవాద్యమే వాయిస్తోంది. కథ చెప్పే దాసుగారికి ఎడంపక్కన, మైకుకి దూరంగా కూర్చుంటుంది. కరపత్రంలో దాసుగారి పేరు ఎర్రగా, పెద్దగా ఉంటుంది. అడుగున "వయొలిన్ సహకారంతో" అని ఉంటుంది. ఎవరి సహకారమో ఉండదు. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. కిందటి నెల హేమశ్రీ ఫోన్ చేసేదాకా, పేరు లేదన్న సంగతే ఆమెకి తోచలేదు.

హేమశ్రీ చోడవరం పిల్లే. చిన్నప్పుడు బస్సెక్కి మాడుగుల వెళ్లి గణపతిరావు మాస్టారి దగ్గర నాలుగేళ్లు నేర్చుకుంది. ఇప్పుడు విశాఖపట్నంలో ఉండి సంగీతం రాస్తోంది. ఒక్క వయొలిన్‌కీ పెద్ద ఆర్కెస్ట్రాకీ కలిపి మోహన రాగంలో మూడు భాగాలు రాసింది. ఐరోపాలో ఏదో చలి ఊళ్లో అరవైమంది కూర్చుని వాళ్లు వాయించాల్సింది వాయించి, రికార్డు చేసి పంపేశారు. బంతిలో ఒక్క విస్తరి ఖాళీగా వదిలినట్టు మధ్యలో ఒక్క వయొలిన్‌కి చోటు వదిలారు. ఆ విస్తరి నీదే అక్కా, అంది హేమశ్రీ.

కిందటి శనివారం విశాఖపట్నం స్టూడియోలో కనకం ఆ విస్తరి ముందు కూర్చుంది. కూర్చోడానికి కుర్చీ ఇచ్చారు. బాసింపట్టు వేసుకోడానికి వీల్లేక, వయొలిన్ తల ఆనించుకోవడానికి మడమ దొరకలేదు. ఎదురుగా తెరమీద ఒక గీత. స్వరం సరిపోతే పచ్చగా వెలుగుతుంది, లేకపోతే ఎర్రగా. ఆమె గాంధారం పెట్టినప్పుడల్లా ఎర్రబడింది. "కొంచెం పైకి అక్కా, ఇంకొంచెం. ఆర్కెస్ట్రాలో పియానో ఉంది, దాని గాంధారం కాస్త పైనే ఉంటుంది" అని హేమశ్రీ మెల్లగా చెబుతూనే ఉంది. మూడు గంటలు గడిచాక కనకం వయొలిన్ పెట్టెలో పెట్టేసి, చీరకొంగుతో కళ్లు తుడుచుకుని, బస్సెక్కి వచ్చేసింది.

రికార్డు వేసే కంపెనీవాళ్లకి బెంగుళూరులో ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడు. ఆర్కెస్ట్రాతో ఇంతకుముందే రెండు రికార్డులు చేసినాయన. గురువారం సాయంత్రం ఆరింటిలోపు మొదటి భాగం పంపితే కనకం, లేకపోతే ఆయన. "నేనే మీ ఇంటికి వస్తాను అక్కా, నీ బల్లమీదే వాయించు" అంది హేమశ్రీ. నాలుగు రోజులుగా ఫోన్లో గీత చూసుకుంటూ కనకం గాంధారాన్ని పైకి జరపడం నేర్చుకుంది. గీత పచ్చబడింది. గిన్నెల చుట్టూ మాత్రం నేల బోసిగా ఉండిపోయింది.

సరిగ్గా పదింటికి హేమశ్రీ కారు దిగింది. కూడా సంతోష్‌కుమార్ అని సౌండ్ చూసే కుర్రాడు, రెండు పెట్టెలు, ఒక పెద్ద స్పీకరు, మైకు స్టాండు. దారిలో ఆగి కొన్న హల్వా పెట్టె కూడా పట్టుకొచ్చారు. సంతోష్‌కుమార్ మూత తీసి, నాలుగు ముక్కలు తిని, పెట్టె అలాగే స్పీకరు పక్కన పెట్టేశాడు. ఎవరూ మూత పెట్టలేదు. ఆ ఇంట్లో తీపి వస్తువుకి మూత పెట్టే అలవాటు లేదు.

కనకం భర్త ఉదయ్‌కుమార్ విశాఖపట్నం రూటులో బస్సు కండక్టరు. ఆరోజు సెలవు పెట్టాడు. ఫ్యాను ఆపాడు, ఫ్రిజ్ ప్లగ్గు తీశాడు, గోడ గడియారంలో బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు. తాతమ్మ కుక్కరు పెట్టబోతే వద్దన్నాడు.

"మరేటి తింటారు వచ్చినోళ్లు?"

"గిన్నెలో వండీయే అమ్మా. కూత రాకూడదు."

"నీ పెళ్లప్పుడు కూడా ఇన్ని ఆంక్షలు నేవురా!"

"అప్పుడు రికార్డు చెయ్యలేదు కదే," అని, ఈల మెడలో వేసుకుని, ఆటోల హారన్లు ఆపడానికి సందు చివరికి వెళ్లి నిలబడ్డాడు. ఆ ఈల ఊదకూడదని కనకం రెండుసార్లు చెప్పి పంపింది.

కనకం బల్లమీద కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. లోపల అరవైమంది ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. ఆమె కమాను ఎత్తింది. మొదటిసారి సగంలో ఆపేసింది. రెండోసారి చివరిదాకా వెళ్లింది. "సూపరక్కా!" అన్నాడు సంతోష్‌కుమార్. గీత మొదట్నుంచి చివరిదాకా పచ్చగానే ఉంది. కనకం నేలకేసి చూసి, "కాదు. మళ్లీ" అంది.

మళ్లీ. మళ్లీ. పదకొండున్నరకి తీగ శ్రుతి దిగిందని సవరించుకుంది. దిగలేదు. పన్నెండుకి లేచి కాళ్లు కడుక్కొచ్చింది. బల్ల తూర్పుకి తిప్పింది, మళ్లీ ఉత్తరానికి తిప్పింది. దేవుడి గదిలోకి వెళ్లి విఘ్నేశ్వరుడి పటం ముందు రెండు నిమిషాలు నిలబడి వచ్చింది. ఒంటిగంటకి పదకొండోసారి వాయించి కమాను ఒళ్లో పెట్టేసుకుంది.

"అక్కా, ఎక్కడా తప్పు లేదు," అంది హేమశ్రీ. ఆమె ఫోను అప్పటికి నాలుగుసార్లు మోగింది. "గీత చూడు, ఎంత పచ్చగా ఉందో."

"గీత నాకెందుకమ్మా? నువ్వూ నాన్న దగ్గర కూకున్నదానివే కదా. కిందకి సూడు."

హేమశ్రీ చూసింది. నాలుగు గిన్నెలు, నాలుగింటి చుట్టూ ఖాళీ నేల. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఆదివారం నుంచి. ఒక్కటీ రాలేదు. నా చెయ్యి పోయింది హేమా. ఆ బెంగుళూరు ఆయనకి ఫోన్ చేసీ. నీ సంగీతం పాడవుతాది నా వల్ల."

హేమశ్రీ ఫోను చేతిలోకి తీసుకుంది. తెరమీద పేరు కూడా వెతికింది. అప్పుడు వంటింటి గుమ్మంలో గరిటె కిందపడ్డ చప్పుడైంది.

"ఆగండే," అంది తాతమ్మ. "ఆదివారం నుంచా? అయితే అది నా పని."

ఇద్దరూ అటు తిరిగారు. తాతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పట్నం నుంచి మనుషులొస్తన్నారు, మిషన్లు తెస్తన్నారు అన్నావు కదా. ఈ నాలుగు రోజులూ నీ తరపోళ్లని బయటుంచుదామని సీమల సుద్ద గీసేను. గోడలెంట, గడప కింద, గూట్లో, అంతటా గీసేను. రెండు పేకట్లయ్యేయి. నిన్ను అడగాల్సింది. సుట్టాల్ని గుమ్మంలో నిలబెట్టినట్టయింది."

కనకం బల్లమీంచి లేచింది. ఏడవాలో నవ్వాలో తెలియక ఒకటే మాట అంది. "గడప లోపలా, బయటా?"

"రెండేపులా."

ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. హేమశ్రీ చున్నీ నడుముకి బిగించింది. సంతోష్‌కుమార్ బకెట్టు పట్టుకున్నాడు. తాతమ్మ వేలు పెట్టి చూపించడం, కనకం తడిగుడ్డతో తుడవడం. బీరువా జరిపారు. మంచం ఎత్తారు. సుద్ద గీతలన్నీ పోయి, నేల ఆరేసరికి రెండున్నర అయింది.

"వైర్లు కొరకవు కదండీ?" అనడిగాడు సంతోష్‌కుమార్.

"కొరకవు బాబూ. మంచి కుటుంబం ఆళ్లది," అంది తాతమ్మ.

రెండూ నలభైకి గడప కిందనుంచి మొదటి చీమ తల బయటపెట్టింది. దాని వెనక బారు కట్టి మిగతావి. నాలుగు రోజులు వాకిట్లో ఆగినవాళ్లు ఎలా లోపలికొస్తారో అలా, మెల్లగా, అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాయి. కనకం బల్లమీద కూర్చుంది. కమాను ఎత్తి, నేర్చుకున్న గాంధారం పెట్టింది. పచ్చగీత వెలిగింది.

చీమలు ఆమె బల్ల దాకా వచ్చాయి. గిన్నె పక్కనుంచి దాటిపోయాయి.

కనకం వాయించడం ఆపలేదు. ఇంకోసారి పెట్టింది, ఇంకాస్త గట్టిగా. ఒక్కటైనా వెనక్కి తిరగలేదు. అత్తగారు గీసిన సుద్ద ఒక్కటే కారణమైతే ఎంత బాగుండును అని అప్పుడు అనిపించింది ఆమెకి. ముఖం ఎత్తలేకపోయింది. మూడయింది. ఇంకా మూడు గంటలే ఉన్నాయి.

"ఒక్కసారి పాట మొత్తం స్పీకర్లో పెడతాను, విని రెస్ట్ తీసుకోండి అక్కా," అన్నాడు సంతోష్‌కుమార్, ఏం చెయ్యాలో తోచక.

అరవైమంది వాయించింది గది నిండా పరుచుకుంది. చీమలు గోడవారన తిరుగుతున్నాయి. బాకాలు వచ్చాయి, తిరుగుతున్నాయి. పియానో వచ్చింది, తిరుగుతున్నాయి. మూడో నిమిషంలో మిగతావన్నీ ఆగిపోయి, వయొలిన్లూ వాటి పెద్దన్నల్లాంటి పెద్ద తీగవాద్యాలూ మాత్రం షడ్జం, గాంధారం, పంచమం కలిపి ఒక్క శ్వాస పట్టి నిలిపాయి. అప్పుడు గదిలో ఉన్న చీమలన్నీ ఒక్కసారి తిరిగాయి. మూత లేని హల్వా పెట్టె పక్కనుంచి, దాన్ని వాసనైనా చూడకుండా, స్పీకరు దగ్గరికి పరుగెత్తి దాని చుట్టూ నల్లటి వలయం కట్టాయి. ఆ శ్వాస అయిపోయింది. పియానో మళ్లీ మొదలైంది. చీమలు విడిపోయి గోడలవైపు వెళ్లిపోయాయి.

"మళ్లీ పెట్టు బాబూ, అక్కడే," అంది కనకం.

మళ్లీ పెట్టాడు. మళ్లీ పరుగెత్తాయి. మూడోసారి కనకం కళ్లు మూసుకుని వింది. మాడుగులలో తెల్లవారుజామున పక్కగదిలోంచి వినబడే నాన్న గాంధారం అది. ఒక వెంట్రుకవాసి కిందకి. ఇక్కడి గాలి ఎరగని ఎవరో, ఆ చలి ఊళ్లో, సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

హేమశ్రీ ల్యాప్‌టాప్ మీదకి వంగి చూసింది. ఆ చోట గీత ఎర్రగా ఉంది.

"అక్కడ పియానో లేదక్కా," అంది. "ఏదీ లేదు, ఒట్టి తీగలే. ఒకళ్లనొకళ్లు విని పెట్టుకున్నారు."

"మరి నాకెందుకమ్మా పచ్చగీత?"

హేమశ్రీ చున్నీ ముడి విప్పుకుంది. "భయమేసింది," అంది. "కంపెనీవాళ్లు ఈ గీతే చూస్తారు. ఎర్రగా కనబడితే నిన్ను వద్దంటారని." ల్యాప్‌టాప్ గోడవైపు తిప్పేసింది. "మాస్టారి గాంధారం పెట్టక్కా. పియానో చప్పుడు నేను తగ్గించుకుంటాను. అది నా పని."

నాలుగూ పదికి కనకం మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు ట్రాక్టరు సందు మొదట్లోకి తిరిగింది. ఉదయ్‌కుమార్ రెండు చేతులూ చాచి దానికి అడ్డంగా నిలబడ్డాడు. "మా ఆవిడ అరవైమందితో కలిసి వాయిస్తంది బాబూ, ఏడు నిమిషాలు ఇంజనాపీ" అన్నాడట. "అంతమందికి చోటెక్కడిదండీ మీ ఇంట్లో?" అని అడిగాడట ట్రాక్టరాయన. అయినా ఇంజన్ ఆపాడు.

లోపల కనకం మొదటి స్వరం నుంచీ తొందరపడలేదు. పొద్దుటినుంచీ నిలవని కాలు, మడమ మీద వయొలిన్ తల పెట్టుకుని, కదలకుండా ఉంది. మూడో నిమిషంలో ఆ దూరపువాళ్లు శ్వాస పట్టారు. ఆమె వాళ్లలో ఒకతిలా వెళ్లి వాళ్ల మధ్య గాంధారం పెట్టింది. హెడ్‌ఫోన్ వల్ల గదిలో స్పీకరు మూగగా ఉంది. అందుకని చీమలకి ఇంకో దారి లేదు. గోడల్లోంచి, గడపలోంచి, తలుపు సందులోంచి వచ్చి నాలుగు గిన్నెల చుట్టూ నాలుగు వలయాలు కట్టాయి. వలయం మీద వలయం కట్టాయి. నేల కనబడలేదు. సంతోష్‌కుమార్ చప్పుడు కాకుండా రెండు కాళ్లూ ఎత్తి స్టూలు మీద పెట్టుకున్నాడు. గుమ్మంలో తాతమ్మ చేతులు జోడించుకుంది. చివరి స్వరం అయ్యాక కూడా కనకం కళ్లు తెరవలేదు, ఎవరైనా "కాదు" అంటారేమోనని.

ఎవరూ అనలేదు. సందు చివర ట్రాక్టరు మళ్లీ స్టార్టయింది.

ఇంట్లో నెట్టు సరిగా అందక, మేడమీదకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, ఐదూ యాభై రెండుకి పంపించారు. హేమశ్రీ వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. ఇల్లు మళ్లీ ఇల్లులా అయింది. ఉదయ్‌కుమార్ గడియారంలో బ్యాటరీ వేశాడు గాని టైము సరిచెయ్యలేదు. కనకం సంధ్యదీపం పెట్టింది. వాకిట్లోకి, లోపలికి, మళ్లీ వాకిట్లోకి తిరిగింది. ఏడూ ఇరవైకి ఫోన్ మోగింది. హేమశ్రీ దారిలో సబ్బవరం దగ్గర ఉంది.

"అక్కా, ఒక్క సంగతి అడగడానికి చేశాను. రికార్డు అట్టమీద నీ పేరు ఎలా వెయ్యాలి?"

కనకం ఫోను స్పీకర్లో పెట్టింది. తాతమ్మ ఫోను లాక్కుంది.

"కనకమహాలచ్చిమి అని పూర్తిగా ఎయ్యమ్మా. పొట్టిగా కొయ్యొద్దు. అచ్చరాలు కొంచెం పెద్దవి."

"అలాగే అమ్మమ్మా. రేపు పదింటికి స్టూడియోకి రమ్మనండి, ఇంకా రెండు భాగాలున్నాయి. కుర్చీ తీసేయించాను. బల్ల తెచ్చుకోమనండి."

మర్నాడు శుక్రవారం. పొద్దున్న ఐదూ నలభైకి కనకం నీళ్లు మార్చడానికి వెళ్తే బల్ల లేదు. ఉదయ్‌కుమార్ అప్పటికే దాన్ని సైకిలు వెనక కట్టి బస్టాండుకి తీసుకుపోయి, తన బస్సులో డ్రైవరు సీటు వెనక పెట్టించి వచ్చాడు. తాతమ్మ నాలుగు గిన్నెలూ తోమి, పాత చీర ముక్కలో చుట్టి, సంచిలో సర్దుతోంది. వాకిట్లో రాతిపిండి ముగ్గు లేదు. ఆవిడ తెల్లారకుండానే లేచి బియ్యప్పిండితో ముగ్గు పెట్టింది. ముగ్గు వాకిలి దగ్గర ఆగకుండా సందు వెంట సన్నటి గీతగా సాగి రోడ్డు దాకా వెళ్లింది.

దాని పక్కనే చీమల బారు. కనకం దాని వెంట నడిచి చూసింది. రోడ్డెక్కి, మలుపు తిరిగి, రోడ్డుకి ఎడం వారనే విశాఖపట్నం వైపు సాగుతోంది. మొదటి చీమ ఎక్కడుందో కనబడలేదు. రాత్రే బయల్దేరి ఉంటాయి.

"పెళ్లికి నీ ఎనకాల వచ్చేరు," అంది తాతమ్మ, సంచి కోడలి చేతికిస్తూ. "ఇప్పుడు నీ ముందెళ్తన్నారు. మాడుగుల నుంచి పదకొండు రోజులు పట్టింది. విశాపట్నం అంటే నెల పడతాది. ఆళ్లొచ్చీదాకా నీ సెవిని నమ్ముకోయే."

కనకం వంగి అత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టి, వయొలిన్ పెట్టె భుజాన వేసుకుంది. ఖాకీ చొక్కా వేసుకున్న ఉదయ్‌కుమార్ ముందు నడిచాడు. వాళ్లిద్దరూ సందు మలుపు తిరుగుతుంటే తాతమ్మ ముగ్గుచెంబు పట్టుకుని గుమ్మంలోంచి కేకేసింది.

"ఒరే ఉదయా! డ్రైవరు బాబుకి సెప్పు, బస్సుని ఎడం వారకి దింపొద్దని!"